ఈ ఇంటి తూకం

1

సలోమక్కా, నేను అసిరిని. మీ వార్డులో కిటికీ పక్క మంచం. మీరు ఏమడిగినా తల ఊపి ఊరుకునే కుర్రాణ్ణి. "నోటితో చెప్పలేకపోతే ఇందులో రాసి పంపు, నేను చదువుతాను" అని వచ్చేటప్పుడు నా చేతికి ఈ పలక కట్టారు కదా. అందుకే రాస్తున్నాను. అక్షరాలు రాకముందే నన్ను బడి మాన్పించారు. మా చెల్లి పైడి బడిలో నేర్చుకున్న అక్షరాలు సాయంత్రం వచ్చి నాకు నేర్పేది. తప్పులుంటే ఏమనుకోకండి.

మీ ఆస్పత్రి ఉన్న అద్దాల గుమ్మటం నుంచి మా ఊరి గుమ్మటం దాకా ట్రాలీ పట్టాల మీద దుమ్ము ఊడ్చుకుంటూ వచ్చింది. కుదుపు వచ్చినప్పుడల్లా కుట్ల మీద చెయ్యి పెట్టుకున్నాను. భుజంలో నొప్పి ఇంకా ఉంది. అది గ్యాసేనని, నడిస్తే పోతుందని మీరన్నారు. నడవడమే నాకు అలవాటు లేదు.

ఇంటి ముందు వీధంతా ఉంది. నాయనమ్మ అందరికీ చెప్తోంది.

"కడుపు బాగుసేసారట. ఇకమీదట ఎంత పెట్టినా నిలుస్తాదట."

నేను అమ్మ వంక చూశాను. అమ్మ నా సంచీ సర్దుతున్నట్టు కిందికి వంగింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు గారిని అమ్మ ఒక్కటే అడిగింది, బతుకుతాడా అని. బతుకుతాడన్నారు. కడుపు చాలావరకు కోసి తీసేస్తామని ఆ తర్వాత చెప్పారు. అది అమ్మ చెవిన పడలేదో, పడినా ఊరుకుందో నాకు తెలీదు.

2

మీరు చెప్పినట్టే చిన్న గ్లాసుతో పలచటి అంబలి చెంచాలెక్కన తాగుతున్నాను. గ్లాసు సగమయ్యేసరికి రొమ్ము కింద ఎవరో పిడికిలి బిగించినట్టుంటుంది. ఆపేస్తున్నాను.

మా ఇంట్లో ఎవరూ ఇలా ఆపడం చూడలేదు. తూకపోడి ముందుకు ఖాళీ చేతులతో రాకూడదని ఇక్కడ ఆనవాయితీ. అందుకని నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి తెచ్చారు. మంచం చుట్టూ గిన్నెలే.

తూకపోడు అంటే మీకు తెలీదని మీ ముఖం చూస్తేనే తెలిసింది. మీ దగ్గర కార్డు చూపిస్తే పిండి ఇస్తారట కదా. ఇక్కడ ఇంటికొక మనిషి తక్కెడలో కూర్చోవాలి. ఆ మనిషి ఎంత తూగితే ఆ ఇంటికి అంత పిండి. దుమ్ముకాలం ముందోసారి, అది పోయాక ఒకసారి. మధ్యలో ఏడ్చినా ఇవ్వరు. మా ఇంటి తూకపోణ్ణి నేను.

కార్డులెందుకు పోయాయని నాయనమ్మని ఒకసారి అడిగాను.

"కార్డులున్నప్పుడు కొట్టోళ్ళు రాసిందే రాత. సచ్చినోళ్ళ పేరు మీద పిండి పట్టుకెళ్ళీవోరు. మడిసిని ఎదురుగా కూకోబెట్టి తూసేక ఎవుడు దొంగరాత రాస్తాడ్రా?" అంది.

పక్కింటి ఎర్నమ్మ పిన్ని గిన్నెలన్నీ అలాగే ఉండడం చూసి అమ్మని అడిగింది. "ఏటే, ఈడు తినడం లేదేటి? మొగుడు దగ్గరికి ఎల్లీ పెళ్ళికూతుర్లాగ సిగ్గుపడతన్నాడేటి?"

అందరూ నవ్వారు. నేను గోడవైపు తిరిగాను.

3

ఇంటికొచ్చి కొన్ని వారాలైంది. ఇవాళ ఒక సంగతి జరిగింది. చెప్పులు నేనే తొడుక్కున్నాను. వంగితే చెయ్యి పాదానికి అందింది. ఇదివరకు పైడి తొడిగేది.

పడుకున్నప్పుడు ఊపిరి ఆగడం లేదు. తొడల మధ్య పుండు మానింది. మొలతాడు జారిపోతుంటే అమ్మ ముడి దగ్గరికి లాగి కట్టింది. దారం చివర మిగిలిన ముక్కని వేలికి చుట్టుకుని చాలాసేపు చూసింది.

మెల్లగా నీళ్ళ ట్యాంకు నిచ్చెన దాకా నడిచి, పైమెట్టు వరకు ఎక్కాను. అక్కడినుంచి గుమ్మటం అద్దం అవతల ఎర్రదుమ్ము కనిపిస్తుంది. పైడి ఎప్పుడూ చెప్పేది, నేను నమ్మేవాణ్ణి కాదు. సంతోషమేసింది. దిగేటప్పుడు కింద నాయనమ్మ నిలబడి ఉంది.

"మీ అయ్య ఆ నిచ్చెన వొంక కూడా సూడలేదు. ఇంటికోసం మంచం మీద కూకున్నాడు. తక్కెడ తట్టలో కూకుని కూకునే పేణం వొదిలీసాడు. అయినా పూర్తి తూకం ఇచ్చారు. ఒక్క గింజ తగ్గించలేదు. నువ్వు ఎగబాకతన్నావు."

అయ్య పోయినప్పుడు నాకు చిన్నతనం. పిండి మూటలు ఇంటికొచ్చాక గానీ అయ్యని మోసుకు రాలేదు. అది మాత్రం గుర్తుంది.

4

అక్కా, నిన్న వివరంగా రాయలేకపోయాను. జరిగినదానికి తప్పు మాదే.

జుట్టు రాలుతోంది. పొట్ట మీద చర్మం వేలాడుతోంది. నాయనమ్మకి అంతా అర్థమైపోయింది. మధ్యాహ్నం తలుపేసి అమ్మని నిలదీసింది.

"కోసీసారా? కోసి పడీసారా? మరి ఎందుకు సంతకం పెట్టీసినావే?"

"పెట్టకపోతే సచ్చిపోతాడన్నారు అత్తా."

"ఇప్పుడేటి, అందరం సత్తాం."

ఆ తర్వాత నాయనమ్మే ఒక ఉపాయం చెప్పింది. ముద్ద పట్టకపోతే నీళ్ళు పడతాయి కదా అంది. బెల్లం చిక్కగా కాచి, అందులో నూనె కలిపి అమ్మ నా దగ్గరికి తెచ్చింది. నీళ్ళలాగే జారిపోతుంది, నొప్పుండదు అంది. మీరు తీపి వద్దన్న సంగతి నాకు గుర్తుంది. కానీ అమ్మ గ్లాసు నా నోటి దాకా తెచ్చి పట్టుకుంది. తాగేశాను. నిజంగానే జారిపోయింది.

కాసేపటికి గుండె దడదడ కొట్టుకుంది. ఒళ్ళంతా చెమట. కళ్ళు తిరిగాయి. కడుపు మెలిపెట్టి పక్క మీదే అయిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. పైడి దుప్పటి మార్చి, "ఎవులికీ సెప్పనులే" అంది.

నిన్న ఒక్క ముక్కలో రాసి పంపినదానికి మీ జవాబు వచ్చింది. తీపి ఒక్కసారిగా పేగులోకి పడితే అలాగే అవుతుందని, మళ్ళీ తాగవద్దని, అమ్మకి కూడా చూపించమని రాశారు. చూపించాను. అమ్మకి చదవడం రాదు. నేనే చదివి వినిపించాను. మొదటిసారి అంత పెద్ద మాట నా నోటితో నేను చదవడం. అమ్మ విని, మిగిలిన పాకం మూతపెట్టి అటక మీద పెట్టింది.

5

మీకు ఒక లెక్క చెప్పాలి. నాకు లెక్కలు రావు, కంటితో చూసింది చెప్తాను.

తూకం దగ్గరపడేసరికి మా పిండి డబ్బా ప్రతిసారీ అడుగు కనిపించేది. అమ్మ చేత్తో గోకి తీసేది. చివరి రోజుల్లో అమ్మా, నాయనమ్మా, పైడీ గంజినీళ్ళతో సరిపెట్టుకుని, ఉన్న ముద్ద నాకు పెట్టేవాళ్ళు. ఇవాళ మూత తీసి చూశాను. పిండి ఇంకా నా మోచేయి దాకా ఉంది.

చాలాసేపు డబ్బా దగ్గరే కూర్చుని ఆలోచించాను. నా ఒంటితో తెచ్చిన పిండంతా మళ్ళీ నా ఒంట్లోకే పోయేది. నేను తినడం మానేస్తే అది మిగిలింది.

అమ్మకి చెప్పాను. మాట్లాడ్డానికి ముందు నోట్లోనే చాలాసార్లు అనుకున్నాను.

"అమ్మా, పిండి మిగిలింది. నాను తక్కువ తూగినా మనకి సరిపోద్ది."

అమ్మ పొయ్యి ఊదుతోంది. "ఈసారికి మిగిలింది. నువ్వు తగ్గీకొద్దీ వొచ్చీది తగ్గుతాది. ఆగుతాదని మీ ఆస్పత్రోళ్ళు సెప్పారా?"

"ఒక దగ్గర ఆగుతాదన్నారు."

"ఎక్కడ?"

మీరు నాకు చెప్పారు గానీ, ఆ అంకె పిండిగా చూస్తే ఎంతో నాకు తెలీదు.

"దుమ్ముకాలం అంతా గుమ్మటం మూసీస్తారు బాబూ. మద్దిలో అయిపోతే ఎవుల్ని అడగాల? ఎర్నమ్మ ఇస్తాదా?"

ఆమె చెప్పింది కూడా నిజమే.

6

పైడి బడికి వెళ్ళలేదు. జ్వరమేమో అనుకున్నాను. లేచి చూస్తే నా మంచం మీద, నా దిండు ఆనుకుని కూర్చుని ఉంది. అటక మీది పాకం దించి అమ్మ గరిటెతో దాని నోట్లో పోస్తోంది.

"అన్నా, రేపటినుంచి బడి లేదట. తిని కూకోడమేనట," అంది. మూతి చుట్టూ బెల్లం.

దానికి తొమ్మిదేళ్ళు. చేతులు పుల్లల్లా ఉంటాయి. పుట్టినప్పటినుంచి నా తర్వాతే తినేది. ఇన్నాళ్ళకి ఎవరో ముందు దాని నోటికి గరిటె అందించారు. అది ఎంత ఆనందంగా మింగుతోందో చూస్తే, వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నన్ను కూడా ఇలాగే ఒకరోజు కూర్చోబెట్టారు. నడిస్తే కరుగుతావని బడి మాన్పించారు. నాకూ మొదట చాలా బాగుండేది.

7

మీరేమీ రాయడం లేదు. దుమ్ము వల్ల సిగ్నల్ పోతోందేమో. అయినా పంపుతున్నాను.

అక్కా, కోసిన కడుపు మళ్ళీ కలపవచ్చా? కలిపితే నేను ఒప్పుకుంటాను. సంతకం నేనే పెడతాను, నా పేరు రాయడం వచ్చు.

పైడి స్నేహితురాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చి తొక్కుడుబిళ్ళకి పిలిచారు. అది లేవబోయింది. నాయనమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"గెంతితే తిన్నదంతా పోతాది. ఇక్కడ్నించే సూడు."

పైడి కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత అమ్మ పూర్ణం ముద్ద చేతిలో పెడితే మరిచిపోయింది. నేనూ అలాగే మరిచిపోయేవాణ్ణి. కొన్నాళ్ళకి ఎవరూ పిలవడానికి రారు.

8

మీ జవాబు ఇవాళ వచ్చింది. తీసేసింది మళ్ళీ పెట్టలేమని రాశారు. చెల్లి సంగతి మీ పెద్దవాళ్ళకి చెప్తానని, ట్రాలీ తిరిగితే మీరే వస్తానని రాశారు. ట్రాలీ ఆపేశారక్కా. పట్టాలు కనబడటం లేదు.

మీరు ఇంకోటి కూడా రాశారు. "నువ్వు తగ్గడం నీ తప్పు కాదు." దాన్ని పైడికి చదివి వినిపించాను. అది నోట్లో ముద్దతోనే, "మరి ఎవుల తప్పు?" అంది. దానికి తెలీక అడిగింది.

9

రేపు తూకం. అమ్మ సాయంత్రం నా పక్కన కూర్చుని తల నిమిరింది. చాలారోజులకి.

"రేపు గవరయ్య బాబు అడుగుతాడు. నీ తరవాత ఈ ఇంటి తూకం ఎవులు అని. పైడి అని సెప్పు. సాలు."

గవరయ్య గారు ఇక్కడ తూకందారు, తూచి పిండి పంచేది ఆయనే. ఎప్పుడూ అలా అడగరు. తూకపోడు బాగా తగ్గిపోయినప్పుడో, చావు దగ్గరపడినప్పుడో అడుగుతారు. తట్టలో కూర్చున్న మనిషి తన నోటితో చెప్పాలి. తల్లి చెప్పినా చెల్లదు. పేరు పడిన పిల్లకి పెంపుపిండి అని వేరే మూటలిస్తారు, ఒళ్ళు చేయడానికి. పేరు పడ్డాక ఆ పిల్ల బతికినంతకాలం తూకపుదే. అయ్య ఆయాసపడుతూ నా పేరు చెప్పాడట. నాకు గుర్తులేదు.

"దానికి నాలాగే ఊపిరి ఆగిపోతే?" అన్నాను.

"అప్పుడు సూద్దాం."

"అప్పుడు దాని కడుపు కూడా కోస్తారమ్మా."

అమ్మ చెయ్యి నా తలమీద ఆగిపోయింది. "నాకు మాత్రం సరదాయేట్రా? దాన్ని తినిపిత్తంటే నాకు నువ్వే కనపడతన్నావు. కానీ పెంపుపిండి లేకపోతే దుమ్ము తగ్గీదాకా దాన్ని నాను ఎలా బతికించాల? ఒకటి సెప్పు. ఒక్కటి సెప్తే నీ మాట ఇంతాను."

డబ్బాలో మిగిలిన పిండి గురించే మళ్ళీ చెప్పాను. అది ఇప్పుడు మిగల్లేదు, పైడికి పెట్టేశారు.

10

తూకం అయిపోయింది. వివరంగా రాస్తున్నాను, మీరు కాకపోతే చెప్పుకోడానికి నాకు ఇంకెవరూ లేరు.

తడిగుడ్డ ఒక్కటే కట్టుకుని కూర్చోవాలి, ఏమీ దాచుకోకుండా. చర్మం మడతలు పడి వేలాడుతోంది. పిల్లలు నవ్వారు. "గాలి తీసిన సంచి" అన్నాడొకడు. వాళ్ళమ్మ వాణ్ణి కొట్టింది గానీ ఆమె కూడా నవ్వు ఆపుకుంటోంది. ఎర్నమ్మ పిన్ని, "ఒరే అసిరీ, సగం నువ్వే వొచ్చినావేటి? మిగతాది ట్రాలీలో మరిసిపోనావా?" అంది.

గవరయ్య గారి మనుషులు అలవాటు కొద్దీ పోయినసారి ఎన్ని మూటలు పెట్టారో అన్నీ అవతలి తట్టలో పెట్టేశారు. నేను కూర్చున్న తట్ట గాల్లోకి లేచింది. ఎప్పుడూ అలా లేవలేదు. నేను కూర్చుంటే అది నేలకి అతుక్కుని ఉండేది. పైనుంచి అందరి నెత్తులూ కనిపించాయి. అమ్మ పాపిట కనిపించింది. పూర్తిగా నెరిసిపోయింది.

తర్వాత మూటలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టారు. ఒకటి తీసినప్పుడల్లా నేను కొంచెం కిందికి దిగాను. తక్కెడ సరిపోయేసరికి పక్కన తీసేసిన మూటల గుట్టే పెద్దదిగా ఉంది.

గవరయ్య గారు అడిగారు. "నీ తరవాత ఈ ఇంటి తూకం ఎవులు?"

పైడి ముందు వరసలో ఉంది. కొత్త గౌను వేశారు. బుగ్గలు కొంచెం నిండాయి. నా వైపు చూసి చెయ్యూపింది. పేరు పిలిస్తే పరిగెత్తుకు రావాలని దానికి చెప్పి ఉంచారు.

నేను ఏదో అన్నాను. నాకే వినబడలేదు.

"గట్టిగా సెప్పరా. తినకపోతే నోరు కూడా తగ్గిపోద్దేటి?" అన్నారు గవరయ్య గారు.

అమ్మ కిందనుంచి అంది. "పైడి అనీ బాబూ. పైడి అనీ."

"నానే," అన్నాను.

"నీ తరవాత ఎవులని అడగతన్నాను."

"నా తరవాత ఎవులూ లేరు. నాను ఉన్నంతకాలం నానే."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "నువ్వు సగమయ్యావు. మళ్ళీసారికి ఇంకా తగ్గుతావు. తెలుసా?"

తల ఊపబోయి ఆపుకున్నాను. "తెలుసు" అని నోటితోనే చెప్పాను.

పెంపుపిండి మూటలు విప్పకుండానే లోపలికి మోసుకుపోయారు. వాటితోపాటు పక్కన తీసిన మా మూటలు కూడా. నాయనమ్మ అక్కడే నేలమీద కూలబడి, "ఓలమ్మో, మా కొంప ముంచీసాడు" అని రొమ్ము కొట్టుకుంది. అమ్మ ఏడవలేదు. మిగిలిన మూటల్లో ఒకటి నెత్తికెత్తుకుని నడిచింది. నేను కూడా ఒకటి ఎత్తుకున్నాను. పిండి మూట నేను మొయ్యడం ఇదే మొదలు. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

11

గుమ్మటం మూసేశారు. పగలు కూడా దీపం పెట్టుకోవాలి. ఇది మీకు ఎప్పుడు చేరుతుందో.

పైడి మళ్ళీ బడికి వెళ్తోంది. అమ్మ వెళ్ళు అనలేదు, వద్దనీ అనలేదు. పుస్తకాల సంచీ గుమ్మం దగ్గర పెట్టింది, అంతే. నాకు అక్షరాలు చెప్పడానికి మాత్రం అది రావడం లేదు. నాతో మాట్లాడడం లేదు. అడిగితే నిన్న ఒక్కమాట అంది.

"నీకు పెట్టినన్నాళ్ళూ పెట్టారు. నాకు పెట్టబోతే వొద్దన్నావు."

ఊపిరాడక లేచిన రాత్రుల గురించి చెప్పాను. అది వింటూ కాలితో నేలమీద గీతలు గీసింది. నమ్మిందో లేదో.

అమ్మ ఇప్పుడు చిన్న గిన్నెతో పిండి కొలుస్తోంది. దుమ్ము తగ్గేదాకా వస్తుందో రాదో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. నాయనమ్మ రోజూ లెక్క వేసి రాదనే అంటోంది.

ఇందాక అమ్మ అందరికీ సమానంగా నాలుగు ముద్దలు చేసింది. నా ముద్ద నాకు ఎక్కువైంది. సగం విరిచి పైడి పళ్ళెంలో పెట్టాను. అది తీసి మళ్ళీ నా పళ్ళెంలో పెట్టేసింది. ఆకలి లేదంది.

పక్కపక్కనే కూర్చున్నాం అక్కా. దాని కడుపులో చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.